అసలుకు ఎసరు వచ్చేలోగా ఎవరి డబ్బు కరుగుతుంది?

బ్యాంకుకు వెళ్ళి ఎఫ్‌డీ వేసేటప్పుడు మనం అడిగేది వడ్డీ ఎంత అని. అరవై దాటితే, పెద్దవాళ్ళకిచ్చే అర శాతం కలిపారా లేదా అని కూడా అడుగుతాం. ఆ బ్యాంకు దగ్గర సొంత డబ్బు ఎంతుందని మాత్రం అడగం. అడిగితే కౌంటర్లో ఉన్న కుర్రాడు బిత్తరపోతాడు, వెనక లైన్లో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. కౌంటర్లో అడగకండి, ఫర్వాలేదు. ఇంట్లో కూర్చుని మీరే చూసుకోవచ్చు. ఎక్కడ చూడాలో, చూసింది ఎంతవరకు నమ్మాలో చెప్పడమే ఈ అధ్యాయం పని.

మొదట మన ఊరి సంగతి. 1994లో సికింద్రాబాద్ కేంద్రంగా మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు గుర్తుందా? 2004 జూలై 24న, శనివారం నాడు, దాని మీద మారటోరియం పడింది. ఖాతాలో ఎంతున్నా పదివేలకు మించి తీయడానికి లేదు. అప్పుడు రిజర్వ్ బ్యాంకు గవర్నర్ మన వై.వి. రెడ్డి. మూడు వారాలు తిరిగేసరికి ఆ బ్యాంకును ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిట్లు వేసుకున్నవాళ్ళకు పైసా పోలేదు. షేర్లు కొన్నవాళ్ళకు పైసా మిగల్లేదు.

అంతకు రెండేళ్ళ ముందటి లెక్క చూస్తే ఇంకా ఆశ్చర్యం. 2002 మార్చి నాటి ఆడిట్ అయిన ఖాతాల్లో ఆ బ్యాంకు మూలధన నిష్పత్తి 11 శాతం పైనే ఉంది. నిబంధన అడిగేది 9. అంటే కాగితం మీద భేషుగ్గా ఉన్నట్టే. రిజర్వ్ బ్యాంకు తనిఖీ బృందం వెళ్ళి అదే తేదీకి లెక్క కడితే, ఆ నిష్పత్తి సున్నాకు దిగువన తేలింది. ఒకే బ్యాంకు, ఒకే తేదీ, రెండు అంకెలు. పైన పటారం, లోన లొటారం. ఈ తేడా ఎలా వస్తుందో తెలిస్తే బ్యాంకు మూలధనం గురించి తెలుసుకోవాల్సిన దాంట్లో సగం తెలిసినట్టే.

పెన్నూ కాగితం తీసుకోండి

ఊహకు ఒక బ్యాంకు అనుకుందాం. దాని ఆస్తులు, అంటే ఇచ్చిన అప్పులూ కొన్న బాండ్లూ కలిపి, 1000 కోట్లు. ఇందులో 920 కోట్లు మనలాంటివాళ్ళ డిపాజిట్లు. మిగిలిన 80 కోట్లు వాటాదారులు పెట్టింది, ఏళ్ళ తరబడి లాభాల్లోంచి దాచింది. ఆ 80 కోట్లే మూలధనం. మూలధనం అనగానే లాకర్లో విడిగా కట్టలు కట్టి పెట్టిన డబ్బు అని చాలామంది అనుకుంటారు. అలా విడిగా ఎక్కడా ఉండదు. అదీ అప్పుల్లోకే పోయి ఉంటుంది. తేడా ఏమిటంటే దాన్ని తిరిగి ఇమ్మని అడిగే హక్కు ఎవరికీ లేదు. అప్పులు మునిగినప్పుడు ముందు కరిగేది అదే. 80 కోట్ల వరకు నష్టం వస్తే వాటాదారులు ఏడుస్తారు, మీ అసలుకు ఎసరు రాదు. 81వ కోటి నుంచి మీ వంతు మొదలవుతుంది.

అయితే నియంత్రణ సంస్థలు 80ని నేరుగా 1000తో భాగించవు. అన్ని అప్పులూ ఒకే రకంగా మునగవు కాబట్టి ఒక్కోదానికి ఒక్కో రిస్క్ వెయిట్ పెడతారు. మన దేశంలో ఇప్పుడున్న లెక్కల్లో కేంద్ర ప్రభుత్వ బాండ్లకు సున్నా. ఇంటి విలువలో ఎనభై శాతం మించకుండా ఇచ్చిన 30 లక్షల గృహ రుణానికి 35 శాతం. పూచీ లేని పర్సనల్ లోనుకు 125 శాతం, బ్యాంకు క్రెడిట్ కార్డు బాకీకి 150. ఈ చివరి రెండూ 2023 నవంబరులో పెంచినవే. ఫోన్లో రెండు నొక్కులకే లోను మంజూరవుతున్న కాలంలో రిజర్వ్ బ్యాంకు కళ్ళెం బిగించింది.

మన ఊహా బ్యాంకు దగ్గర 200 కోట్లు ప్రభుత్వ బాండ్లు, 400 కోట్లు ఇలాంటి గృహ రుణాలు, 300 కోట్లు నూటికి నూరు శాతం వెయిట్ పడే కంపెనీల అప్పులు, 100 కోట్లు పర్సనల్ లోన్లు ఉన్నాయనుకోండి. వెయిట్లు వేస్తే వరసగా సున్నా, 140, 300, 125. మొత్తం 565 కోట్లు. 80ని 565తో భాగిస్తే 14 శాతం పైచిలుకు. బ్యాంకు తన ప్రకటనలో వేసుకునేది ఈ 14నే. అది అబద్ధం కాదు. కానీ నూరు రూపాయల ఆస్తికి సొంత డబ్బు ఎనిమిది రూపాయలే అన్నది కూడా అంతే నిజం. ఆ రెండో అంకెకు దగ్గరి చుట్టం లివరేజ్ రేషియో. మన దేశంలో అది కనీసం 3.5 శాతం, వ్యవస్థకే కీలకమని రిజర్వ్ బ్యాంకు గుర్తించిన ఎస్‌బీఐ, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, ఐసీఐసీఐ బ్యాంకులకు 4 శాతం ఉండాలి. నన్నడిగితే రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. వెయిట్లు మనుషులు నిర్ణయించినవి. మొత్తం ఆస్తి ఎవరి అభిప్రాయమూ కాదు.

ఇప్పుడు ఆ పర్సనల్ లోన్లలో సగం, 50 కోట్లు, పూర్తిగా మునిగాయని బ్యాంకు ఒప్పుకుందనుకోండి. మూలధనం 30 కోట్లకు పడిపోతుంది. మునిగిన అప్పు పద్దుల్లోంచి పోయింది కాబట్టి వెయిట్ల మొత్తం కూడా కొంచెం తగ్గి 502.5 అవుతుంది. నిష్పత్తి 6 శాతానికి కాస్త తక్కువ. పద్నాలుగు ఒక్క దెబ్బతో ఆరయింది. ‘ఒప్పుకుందనుకోండి’ అన్న మాట కింద గీత గీయండి. ఒప్పుకోకపోతే అంకె పద్నాలుగు దగ్గరే నవ్వుతూ నిలబడి ఉంటుంది. గ్లోబల్ ట్రస్ట్ విషయంలో రెండు అంకెలు రావడానికి కీలకం అక్కడే: మొండి బాకీని మొండి బాకీ అని ఎవరు, ఎప్పుడు ఒప్పుకున్నారన్నది.

ఇది పాతకాలపు ముచ్చట కాదు. 2019 సెప్టెంబరులో యెస్ బ్యాంకు అసలు సిసలు మూలధన నిష్పత్తి 8.7 శాతం. డిసెంబరుతో ముగిసిన మూడు నెలలకు ఆ బ్యాంకు 18,564 కోట్ల నష్టం చూపించాల్సి వచ్చింది. నిష్పత్తి 0.6కు దిగింది. ఎనిమిది శాతం మూడు నెలల్లో ఆవిరయిందా? లేదు, అంతకు చాలా ముందే పోయింది. ఆ మూడు నెలల్లో బయటపడింది, అంతే. కాబట్టి మూలధన నిష్పత్తిని ఒంటరిగా చదవకండి. దాని పక్కనే నికర మొండి బాకీల శాతం చూడండి. ఆ బాకీలకు లాభంలోంచి ఎంత కేటాయించి పెట్టారో చూడండి. కేటాయింపు తక్కువగా ఉండి, మూలధనం ఘనంగా కనిపిస్తే, అది రేపటి నష్టాన్ని నేటి బలంగా చూపించడమే.

ఒకే మాట కింద మూడు రకాల డబ్బు

బ్యాంకు మూలధనం అంతా ఒకే జాతి కాదు. పై వరసలో వాటాధనం, రిజర్వులు. దీన్ని సీఈటీ-1 అంటారు. దాని తర్వాత ఏటీ-1 అనే బాండ్లు, ఆ తర్వాత టైర్-2 బాండ్లు. మన వాణిజ్య బ్యాంకులకు సీఈటీ-1 కనీసం 5.5 శాతం, మూడూ కలిపి 9 శాతం ఉండాలి. దాని మీద కష్టకాలానికని మరో 2.5 శాతం సీఈటీ-1 రూపంలోనే పోగేసుకోవాలి. అంటే చేతికొచ్చే అంకెలు 8, 11.5. ఆ 2.5లోంచి వాడుకోవడం నేరం కాదుగానీ, వాడుకున్నకొద్దీ వాటాదారులకు డివిడెండ్ ఇచ్చే స్వేచ్ఛ తగ్గిపోతుంది. పైన చెప్పిన మూడు పెద్ద బ్యాంకులకు దాని మీద మళ్ళీ కొసరు ఉంది: 2025 ఏప్రిల్ నుంచి ఎస్‌బీఐకి 0.80, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుకు 0.40, ఐసీఐసీఐ బ్యాంకుకు 0.20 శాతం.

ఈ అంకెల వెనక తెలుగువాళ్ళ చెయ్యి బాగానే ఉంది. 1988లో బ్యాంకులకు అంతర్జాతీయ ప్రమాణాలు రాసే బాసెల్ కమిటీ 8 శాతం అన్న సూత్రం తెచ్చింది. 1991లో మైదవోలు నరసింహం అధ్యక్షతన వేసిన కమిటీ అది మన బ్యాంకులకూ ఉండాలంది. 1992 నుంచి అమలు మొదలైంది. 1998లో ఆయనదే రెండో కమిటీ దాన్ని 9 చేయమంది. బాసెల్-3 నిబంధనలు మన దేశానికి ఖరారైంది 2012 మేలో, దువ్వూరి సుబ్బారావు గవర్నర్‌గా ఉండగా. బాసెల్ అడిగేదానికంటే మనం ఒక శాతం ఎక్కువే అడుగుతున్నాం. అది బ్యాంకర్లకు భారం అనే వాదన ఉంది. మొండి బాకీలను ఒప్పుకోవడంలో మన చరిత్ర చూస్తే ఆ ఒక శాతం దండగేమీ కాదనిపిస్తుంది.

ఇక ఏటీ-1 దగ్గర కాస్త ఆగుదాం. ఇలాంటి సంభాషణ కొన్నేళ్ళ కిందట ఏ ఊళ్ళోనైనా వినిపించి ఉండేది. బ్యాంకు గాజు క్యాబిన్లో ఒక రిటైర్డు హెడ్మాస్టరు, ఎదురుగా లాప్‌టాప్‌తో రిలేషన్‌షిప్ మేనేజరు.

‘మీకు ఎఫ్‌డీలో ఇంత వడ్డీ రాదు మాస్టారూ. ఇది కూడా మన బ్యాంకుదేనండి.’

‘గడువు ఎప్పుడు తీరుతుందమ్మా?’

‘గడువంటూ ఉండదండి. అయిదేళ్ళకు బ్యాంకు వెనక్కి తీసేసుకుంటుంది.’

‘తీసుకోకపోతే?’

‘ఇప్పటిదాకా తీసుకోకుండా లేరండి.’

‘అది కాదమ్మా. తీసుకుని తీరాలని కాయితంలో ఉందా?’

ఆ అమ్మాయి కాగితాలు తిప్పుతుంది. ఉండదు. తీసుకోవచ్చని ఉంటుంది, తీసుకోవాలని ఉండదు. వడ్డీ ఆపేసే హక్కు బ్యాంకుకు ఉందని ఉంటుంది. మూలధనం ఫలానా మట్టానికి పడిపోతే, లేదా బ్యాంకు ఇక నిలబడదని రిజర్వ్ బ్యాంకు తేలిస్తే, బాండు మొత్తాన్ని కొట్టివేయవచ్చని కూడా ఉంటుంది. ఎక్కువ వడ్డీ ఇచ్చేది ఊరికే కాదు, ఆ ముప్పు నెత్తిన వేసుకున్నందుకు.

2020 మార్చి 5న యెస్ బ్యాంకు మీద మారటోరియం పడింది. 8,415 కోట్ల ఏటీ-1 బాండ్లను పూర్తిగా కొట్టేశారు. విచిత్రం ఏమిటంటే, నష్టంలో ముందు నిలబడాల్సిన వాటాదారుల చేతిలో షేర్లు మిగిలాయి, వాళ్ళ వెనక ఉన్నామనుకున్న బాండుదారులకు గుండుసున్నా. దాని మీద బొంబాయి హైకోర్టు 2023 జనవరిలో బాండుదారుల వైపు తీర్పిచ్చింది, వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. బాండ్ల ముప్పు సరిగా చెప్పకుండా వ్యక్తిగత మదుపరులకు అంటగట్టారని సెబీ 2021లో జరిమానా కూడా వేసింది, బ్యాంకు అప్పీలుకు వెళ్ళింది. అంతకుముందే, 2020 అక్టోబరులో, ఏటీ-1 కనీస మొత్తాన్ని కోటి రూపాయలు చేసి చిన్న మదుపరులకు ఆ తలుపు మూసేశారు. చేతులు కాలాక ఆకులు అనండి, ఏదన్నా అనండి. మీ డెట్ మ్యూచువల్ ఫండు ద్వారా అవి మీ దగ్గరికి ఇంకా రావచ్చు. నెలనెలా వచ్చే పోర్ట్‌ఫోలియో జాబితాలో ‘పర్పెచ్యువల్’ అన్న మాట ఎక్కడుందో వెతకండి.

టైర్-2 కూడా భద్రం కాదని 2020 నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకు చూపించింది. 2019 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు దాన్ని పీసీఏ అనే దిద్దుబాటు చట్రంలో పెట్టింది. మూలధన నిష్పత్తి 2020 మార్చికి 1.12, జూన్‌కు 0.17, సెప్టెంబరుకు సున్నాకు దిగువ. మూడు త్రైమాసికాల పాటు ఈ అంకెలు అందరి కళ్ళ ముందే ఉన్నాయి. నవంబరు 27న డీబీఎస్ బ్యాంక్ ఇండియాలో కలిపారు. షేర్లు సున్నా, 318 కోట్ల టైర్-2 బాండ్లు సున్నా, డిపాజిట్లు భద్రం. ఇక్కడ వరస సరిగ్గా పుస్తకంలో ఉన్నట్టే నడిచింది.

బ్యాంకు వేరు, బ్యాంకు తల్లి వేరు

ఇంతవరకు ఒక్క కంపెనీ గురించే మాట్లాడాం. అసలు చిక్కు బ్యాంకు మీద మరో కంపెనీ కూర్చున్నప్పుడు వస్తుంది. అమెరికాలో దాదాపు పెద్ద బ్యాంకులన్నీ అలాగే ఉంటాయి. 1956 చట్టం కింద హోల్డింగ్ కంపెనీ ఫెడరల్ రిజర్వ్ అజమాయిషీలో ఉంటుంది. స్టాక్ మార్కెట్లో షేరు ఆ హోల్డింగ్ కంపెనీది. మీ డిపాజిట్ మాత్రం దాని కింద ఉన్న బ్యాంకుది. అక్కడున్న మనవాళ్ళు జేపీమోర్గాన్ చేజ్ అండ్ కంపెనీ బాండు కొంటే అది తల్లి కంపెనీ బాకీ. జేపీమోర్గాన్ చేజ్ బ్యాంకులో సీడీ వేస్తే అది పిల్ల కంపెనీ బాకీ, రెండున్నర లక్షల డాలర్ల వరకు ఎఫ్‌డీఐసీ బీమా ఉంటుంది. లోగో ఒకటే, వరస వేరు. పెద్ద బ్యాంకుల విషయంలో ఇది కావాలనే చేసిన ఏర్పాటు. బ్యాంకు జోలికి రాకుండా నష్టమంతా పైనున్న కంపెనీ వాటాదారులూ బాండుదారులూ మోయాలని.

దీన్ని 2023 మార్చి పది రోజుల్లో కళ్ళకు కట్టింది. సిలికాన్ వ్యాలీ బ్యాంకు, దాని మీద ఎస్‌వీబీ ఫైనాన్షియల్ గ్రూప్ అనే హోల్డింగ్ కంపెనీ. 2022 చివర గ్రూపు మూలధన నిష్పత్తి 12 శాతం పైన. కనీసం ఉండాల్సింది 4.5, దాని మీద నిల్వ 2.5, మొత్తం 7. అంటే కావలసినదానికంటే చాలా ఎక్కువ. మార్చి 8న 21 బిలియన్ డాలర్ల బాండ్లు అమ్మామని, 1.8 బిలియన్ల నష్టం వచ్చిందని, కొత్త మూలధనం తెస్తామని ప్రకటించారు. మర్నాడు ఒక్కరోజులో 42 బిలియన్లు బయటికి పోయాయి. 10న బ్యాంకు మూతపడింది. మన దేశపు స్టార్టప్‌లలో కొన్నింటి డబ్బు కూడా అక్కడే చిక్కుకుంది.

పన్నెండు శాతం ఎక్కడికి పోయింది? వడ్డీరేట్లు పెరిగితే పాత బాండ్ల ధర పడిపోతుంది. గడువుదాకా ఉంచుకుంటామని పక్కన పెట్టిన బాండ్ల మీద ఆ బ్యాంకుకు దాదాపు 15 బిలియన్ డాలర్ల పుస్తకంలో రాయని నష్టం ఉంది. మొత్తం సొంత డబ్బే దాదాపు 16 బిలియన్లు. నిబంధన ప్రకారం ఆ నష్టం మూలధనంలోంచి తీయనక్కర్లేదు. అమ్మకానికి పెట్టిన బాండ్ల నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోకుండా ఉండే వెసులుబాటు ఆ సైజు బ్యాంకులకు ఇచ్చారు. ప్రభుత్వ బాండుకు రిస్క్ వెయిట్ సున్నా అన్నామే, ఆ సున్నా అప్పు మునగదన్న భరోసా మాత్రమే. ధర పడదన్న భరోసా కాదు. ఇందాక మన ఊహా బ్యాంకులో 200 కోట్ల బాండ్లకు మనమూ సున్నాయే వేసుకున్నాం.

డిపాజిట్లన్నీ ఇస్తామని 12న అమెరికా ప్రభుత్వం ప్రకటించింది, బీమా పరిమితి దాటినవి కూడా. తల్లి కంపెనీ వాటాదారులకూ బాండుదారులకూ ఆ రక్షణ లేదని అదే ప్రకటనలో ఉంది. 17న హోల్డింగ్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. దానికి తన సొంత బ్యాంకులోనే దాదాపు 1.9 బిలియన్ డాలర్ల డిపాజిట్ ఉంది. ఆ డబ్బు చేతికివ్వకపోతే ఎఫ్‌డీఐసీ మీద కోర్టుకెక్కింది. మిగతా డిపాజిటర్లందరికీ దక్కిన డబ్బు కోసం బ్యాంకు యజమానే వ్యాజ్యం నడపాల్సి వచ్చింది. అదే వారాంతంలో మూతపడ్డ సిగ్నేచర్ బ్యాంకుకు అసలు హోల్డింగ్ కంపెనీయే లేదు. కాబట్టి పైన కంపెనీ ఉండటం కీడని గానీ మేలని గానీ అనలేం. మీ కాగితం ఎవరి పేరు మీద ఉందన్నదే చూసుకోవాలి.

మరో మెలిక. హోల్డింగ్ కంపెనీ వాటాదారుల దగ్గర 100 కోట్లు తెచ్చింది, బాండ్లు అమ్మి 50 కోట్లు అప్పు చేసింది, 150 కోట్లనూ బ్యాంకులో వాటాధనంగా పెట్టిందనుకోండి. బ్యాంకు పద్దులో 150 కోట్ల స్వచ్ఛమైన మూలధనం కనిపిస్తుంది. గ్రూపు మొత్తంగా చూస్తే సొంత డబ్బు 100 కోట్లే. ఇంటిలోనుకు మార్జిన్ మనీ మన జేబులోంచి పెట్టాలంటే, చిట్టీ పాడి ఆ డబ్బు తెచ్చి మన జేబులోదేనని చూపించినట్టు. బ్యాంకు డిపాజిటర్‌గా మీకు ఆ 150 పనికొస్తుంది, మీకంటే ముందు కరిగేది అదే కాబట్టి. కానీ ఆ 50 కోట్ల మీద వడ్డీ ఎక్కడినుంచి రావాలి? హోల్డింగ్ కంపెనీకి వేరే సంపాదన ఉండదు, బ్యాంకు ఇచ్చే డివిడెండే. బ్యాంకు మూలధనం తగ్గిందనుకోండి, నియంత్రణ సంస్థ డివిడెండ్ ఆపుతుంది. పైకంపెనీ బాకీ తీర్చలేక కూలుతుంది. అలా కూలుతున్న యజమాని బ్యాంకును ఆదుకుంటాడని అనుకోవడానికి లేదు. కష్టంలో బ్యాంకుకు అండగా నిలవాలని అమెరికా చట్టం హోల్డింగ్ కంపెనీలకు చెబుతోంది. లేనివాడు ఎలా నిలుస్తాడు?

అందుకే నిబంధన రెండు చోట్ల అడుగుతుంది. బ్యాంకు ఒక్కదానికీ నిష్పత్తి, గ్రూపు మొత్తం కలిపీ నిష్పత్తి. అయితే అమెరికాలో ఆస్తులు 3 బిలియన్ డాలర్లకు లోపున్న చిన్న హోల్డింగ్ కంపెనీల్లో చాలావాటికి గ్రూపు నిష్పత్తి నుంచి మినహాయింపు ఉంది. చిన్న పట్టణంలో ఉండే మనవాళ్ళు అక్కడి స్థానిక బ్యాంకు మాతృసంస్థ షేర్లు కొనాలనుకుంటే బ్యాంకు నిష్పత్తి చూసి మురిసిపోకుండా, పైకంపెనీ విడి పద్దులో అప్పు ఎంతుందో చూసుకోవాలి. బ్యాంకు లెక్కలు ‘కాల్ రిపోర్ట్’లో, పైకంపెనీ లెక్కలు ‘వై-9’ అనే పత్రాల్లో ఉంటాయి. రెండూ ఉచితంగానే దొరుకుతాయి.

మన దేశంలో సాధారణంగా బ్యాంకే పైన ఉంటుంది, బీమా, మ్యూచువల్ ఫండు, కార్డుల కంపెనీలు దాని కింద ఉంటాయి. బంధన్ బ్యాంకు లాంటి కొన్నింటికి మాత్రం పైన ఫైనాన్షియల్ హోల్డింగ్ కంపెనీ ఉంది. ఐడీఎఫ్‌సీ ఫస్ట్ బ్యాంకుకూ ఉండేది, 2024 అక్టోబరులో అది బ్యాంకులోనే కలిసిపోయింది. ఇంతకన్నా సామాన్యుడికి దగ్గరగా వచ్చింది 2023 జూలై 1 నాటి హెచ్‌డీఎఫ్‌సీ విలీనం. అంతకుముందు హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్‌లో డిపాజిట్ వేసినవాళ్ళు వేసింది బ్యాంకులో కాదు, గృహరుణాల కంపెనీలో. దానికి డిపాజిట్ బీమా లేదు. విలీనంతో అవే డిపాజిట్లు బ్యాంకువై, అయిదు లక్షల బీమా కిందికి వచ్చాయి. పేరులో ఒక్క మాట తేడా ఇంత తేడా తెచ్చింది. ఇప్పటికీ ఏ ఫైనాన్స్ కంపెనీలో వేసిన డిపాజిట్‌కూ ఆ బీమా లేదు, దాని పేరు పక్కనున్న బ్యాంకు పేరుతో ఎంత కలిసినా సరే.

ఎక్కడ చూడాలి

బ్యాంకు వెబ్‌సైటులో అట్టడుగున ‘రెగ్యులేటరీ డిస్‌క్లోజర్స్’ అన్న లంకె ఉంటుంది. అందులో బాసెల్-3 పేరుతో త్రైమాసికాల వారీ పత్రాలు. ముప్ఫై నలభై పేజీలుంటాయి, భయపడకండి, మీకు కావలసింది ‘క్యాపిటల్ అడిక్వసీ’ అన్న పట్టిక ఒక్కటే. సోలో, గ్రూప్ అని రెండు వరసలుంటాయి. డిపాజిట్ కోసమైతే సోలో చూడండి, షేరు కోసమైతే రెండూ చూడండి. గ్రూపు నిష్పత్తి సోలో కంటే బాగా తక్కువుంటే కింది కంపెనీల్లో ఏదో ఒకటి ఆకలిగా ఉన్నట్టు. అక్కడినుంచి సీఈటీ-1 అంకె రాసుకోండి. మొత్తం నిష్పత్తి 16 అని గొప్పగా ఉండి, సీఈటీ-1 తొమ్మిది దగ్గరుంటే ఆ మధ్య దూరంలో ఎక్కువ భాగం బాండ్లే. యెస్ బ్యాంకుకు 2019 సెప్టెంబరులో సరిగ్గా ఇలాగే ఉంది: మొత్తం 16.3, అందులో సీఈటీ-1 8.7. వరసగా ఆరు త్రైమాసికాలు ఒక కాగితం మీద రాస్తే ఏ దిక్కుకు పోతోందో తెలిసిపోతుంది. ఎనిమిదికి దగ్గరపడుతూ, నికర మొండి బాకీ ఆరు శాతానికి చేరుతుంటే అక్కడ అయిదు లక్షలకు మించి ఉంచకండి. ఆరు దగ్గర రిజర్వ్ బ్యాంకు దిద్దుబాటు చట్రం తలుపు తెరుచుకుంటుంది.

పట్టణ సహకార బ్యాంకులకు లెక్క వేరు. చిన్నవాటికి 9 శాతం, మిగతా మూడు శ్రేణులకు 2026 మార్చి నాటికి 12 శాతం. వాటి పత్రాలు వెబ్‌సైటులో దొరక్కపోతే వార్షిక నివేదికలో ఉంటాయి, సర్వసభ్య సమావేశానికి వెళ్ళి అడగొచ్చు. మీరు సభ్యులై ఉంటే అడగడం మీ హక్కు. సభ్యుణ్ణి కాదే అనుకుంటున్నారా? ఆ బ్యాంకులో మీరు ఎప్పుడైనా లోను తీసుకుని ఉంటే, పాస్‌బుక్కుతో పాటు వచ్చిన రసీదుల్లో వెతకండి. లోను ఇచ్చేటప్పుడు అందులో రెండున్నర శాతమో, పూచీ లేకపోతే అయిదు శాతమో వాటాధనంగా పట్టుకోవడం అక్కడ మామూలు. ఆ డబ్బు డిపాజిట్ కాదు, బీమా లేదు, మొదట కరిగే వరసలో ఉంది. లోను తీరిపోయాక వెనక్కి అడగొచ్చు, కానీ బ్యాంకు మూలధన నిష్పత్తి 9 శాతానికి తగ్గకుండా ఉంటేనే ఇస్తారు. లోను తీరి ఏళ్ళయినా ఆ వాటా అక్కడే పడి ఉంటే, నిష్పత్తి బాగున్న ఏడాదే దరఖాస్తు పెట్టుకోండి.